డాట్ నంబరు ఉంటే చాలదు: అమెరికాలో ట్రక్కు కంపెనీ రికార్డులు చదివే పద్ధతి

ఇర్వింగ్ నుంచి సియాటిల్‌కో, ఎడిసన్ నుంచి అట్లాంటాకో ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు మూవర్స్ కంపెనీని చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: మీకు డాట్ నంబరు ఉందా? ఉందంటారు, నంబరూ చెబుతారు. వెతికి చూస్తే ‘యాక్టివ్’ అని కనిపిస్తుంది. వెంటనే అడ్వాన్సు వెళ్లిపోతుంది. నిజానికి ఈ తనిఖీతో తేలింది దాదాపు ఏమీ లేదు. డాట్ నంబరు అంటే దరఖాస్తు పెట్టుకున్న సంస్థకు అమెరికా రవాణా శాఖ (డాట్) ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంతే. దానికి ఫీజు కూడా లేదు. అసలు సంగతి ఆ నంబరు కింద పోగుపడిన తేదీల్లో ఉంటుంది. కంపెనీ ఎప్పుడు మొదలైంది, బీమా ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది, లెక్కలు చివరిసారి ఎప్పుడు సరిచేశారు అన్నవి చదవగలిగితే రేటింగులూ శాతాలూ చూడకముందే సగం విషయం అర్థమవుతుంది.

రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కులను అమెరికాలో ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ చూస్తుంది. 2000 జనవరి 1న రవాణా శాఖ కింద ఏర్పడిన ఏజెన్సీ ఇది. మనకు ఊళ్లో అలవాటైన పద్ధతికీ దీనికీ మొదట్లోనే ఒక తేడా ఉంది. మన దగ్గర లారీ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఆ బండి ఆర్సీ, ఫిట్‌నెస్, బీమా గడువులు వస్తాయి. అంటే చరిత్ర బండి వెంట నడుస్తుంది. అమెరికాలో చరిత్ర కంపెనీ వెంట నడుస్తుంది. హైవే మీద ఏ బండిని ఆపి బ్రేకులు చూసినా, ఏ డ్రైవరు అనుమతించిన గంటలు దాటి నడుపుతూ దొరికినా, అదంతా కంపెనీ నంబరు ఖాతాలోనే పడుతుంది. కంపెనీ మొత్తం తీరు ఒకేచోట కనబడటం దీనివల్ల వచ్చిన మేలు. ఖాతా పాడైనవాళ్లకు కొత్త నంబరు తీసుకోవాలన్న బుద్ధి పుట్టడం దీనివల్ల వచ్చిన చేటు. రికార్డు చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుండాలి.

నంబరు వేరు, అధికారం వేరు

స్థూల బరువు 10,001 పౌండ్లు, అంటే సుమారు 4,536 కిలోలు, లేదా అంతకు మించిన వాహనాన్ని రాష్ట్రాల మధ్య వ్యాపారానికి నడిపే ఎవరికైనా డాట్ నంబరు కావాలి. సొంత సరుకు మోసుకునే సిమెంటు కంపెనీకైనా అంతే. ఇతరుల సరుకును కిరాయికి మోయాలంటే దానితో పాటు ఆపరేటింగ్ అథారిటీ కూడా కావాలి. దాన్నే ఇంతకాలం ఎంసీ నంబరు అంటూ వచ్చారు. ఒక్కో రకం అథారిటీకి దరఖాస్తు ఫీజు 300 డాలర్లు. దరఖాస్తును ప్రకటించాక అభ్యంతరాలకు 10 రోజులు గడువు ఉంటుంది. బీమా కంపెనీ నేరుగా బీమా పత్రం దాఖలు చేయాలి, ప్రతి రాష్ట్రంలో కోర్టు నోటీసులు తీసుకునే ఏజెంటును చూపుతూ బీఓసీ-3 ఫారం పెట్టాలి. ఇవన్నీ పూర్తయ్యాకే అథారిటీ యాక్టివ్ అవుతుంది. ఎంసీ నంబర్లను తీసేసి డాట్ నంబరు ఒక్కటే ఉంచాలన్న ప్రణాళికను ఏజెన్సీ ప్రకటించింది. నంబరు రూపం మారినా అథారిటీ విడిగా ఉండాలన్న నియమం మారదు, కాబట్టి చూడాల్సింది కూడా మారదు.

డాట్ నంబరు యాక్టివ్‌గా ఉండి అథారిటీ లేని కంపెనీ మీ సామాను మోయకూడదు. సేఫర్ అనే వెబ్‌సైట్‌లో ‘కంపెనీ స్నాప్‌షాట్’ అన్న పేజీ ఉంటుంది. అక్కడ వెతకడానికి పేరు వాడకండి. ఒకే రకం పేర్లు డజన్ల కొద్దీ వస్తాయి, మోసగాళ్లు బతికేదీ ఆ పోలికల మీదే. నంబరుతోనే వెతకాలి. పేజీలో రెండు గళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి డాట్ స్థితి, రెండోది అథారిటీ స్థితి. మొదటిది ‘యాక్టివ్’ అని ఉండి రెండోది ‘నాట్ ఆథరైజ్డ్’ అని ఉండటం చాలా మామూలు. మొదటిది చూసి ఆగిపోయేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఇంటి సామాను విషయంలో ఇంకో మెలిక ఉంది. కింద ‘కార్గో క్యారీడ్’ అనే పట్టికలో హౌస్‌హోల్డ్ గూడ్స్ ఎదురుగా ‘ఎక్స్’ గుర్తు కనిపిస్తే అనుమతి ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తు కంపెనీ తన ఫారంలో తానే పెట్టుకున్నది, ఎవరూ పరిశీలించి ఇచ్చింది కాదు. అథారిటీ స్థితి గడిలో ప్రాపర్టీ అన్న మాటతో పాటు ‘హెచ్‌హెచ్‌జీ’ (హౌస్‌హోల్డ్ గూడ్స్, అంటే ఇంటి సామాను) అన్న అక్షరాలు ఉన్నాయా అన్నదే లెక్క. కారును పంపే ట్రక్కుకు మామూలు ప్రాపర్టీ అథారిటీ సరిపోతుంది, ఇంటి సామానుకు సరిపోదు. ఒకే రాష్ట్రం లోపల ఇల్లు మారుతుంటే ఈ ఫెడరల్ అథారిటీ పనికిరాదు. టెక్సస్‌లో అయితే రాష్ట్ర మోటారు వాహనాల శాఖ దగ్గర, కాలిఫోర్నియాలో అయితే ఇంటి సామాను రవాణాను చూసే రాష్ట్ర బ్యూరో దగ్గర విడిగా వెతకాలి.

స్నాప్‌షాట్‌లో ముందు చదవాల్సినవి

ఎంటిటీ టైప్ అన్న గడిలో ‘క్యారియర్’ అని ఉందా, ‘బ్రోకర్’ అని ఉందా చూడాలి. పేరులో వ్యాన్ లైన్స్ అని ఉన్నంత మాత్రాన వ్యాన్లు ఉన్నాయని కాదు. బ్రోకర్‌కు ట్రక్కులు ఉండవు, మీ పనిని ఇంకొకరికి అప్పగిస్తాడు. అందులో తప్పేమీ లేదు, చట్టబద్ధమైన వ్యాపారమే. కాకపోతే మీరు చదివిన రికార్డు బ్రోకర్‌ది, ఇంటి ముందు ఆగేది మరొకరి ట్రక్కు. బ్రోకర్‌కు రోడ్డు మీద తనిఖీలూ ఉండవు, ప్రమాదాలూ ఉండవు కాబట్టి అతని పేజీ ఎప్పుడూ మచ్చలేకుండా కనిపిస్తుంది. బుక్ చేయడానికి ముందే మోసే క్యారియర్ పేరు, డాట్ నంబరు రాతపూర్వకంగా అడిగి, ఆ నంబరును మళ్లీ మొదటి నుంచీ చూడాలి. “అది బయల్దేరే ముందు రోజే తెలుస్తుంది” అంటే, రికార్డు చూసే అవకాశం మీకు ఉండదని చెప్పినట్టే.

ఎంసీఎస్-150 తేదీ అని ఒక గడి ఉంటుంది. ట్రక్కులు, డ్రైవర్లు, ఏడాదిలో తిరిగిన మైళ్ల లెక్కను ప్రతి కంపెనీ రెండేళ్లకోసారి ఈ ఫారంలో నింపి ఇవ్వాలి. ఎప్పుడు ఇవ్వాలో నంబరే చెబుతుంది. చివరి అంకె నెలను, దాని ముందు అంకె సంవత్సరాన్ని సూచిస్తాయి. నంబరు చివర 47 ఉంటే, 7 కాబట్టి జులైలో, 4 సరి అంకె కాబట్టి సరి సంవత్సరాల్లో. చివర 0 ఉంటే అక్టోబరు. ఆ గడువు దాటిపోయి తేదీ పాతగా ఉంటే, ఆ పేజీలో ట్రక్కుల సంఖ్యను, మైళ్లను నమ్మి వేసే ఏ లెక్కా నిలవదు. ఈ పని చేయనందుకు నంబరును నిలిపివేసే వీలుంది, రోజుకు 1,000 డాలర్ల చొప్పున 10,000 డాలర్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఉచితంగా, ఆన్‌లైన్‌లో కాసేపట్లో అయ్యే పనిని రెండేళ్లలో ఒకసారి కూడా చేయని కంపెనీ బ్రేకుల రిజిస్టరు ఎలా రాస్తుందో ఊహించవచ్చు.

తేదీ తాజాగా ఉంటే అంకెలను ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. దూర ప్రయాణాలు చేసే ట్రక్కు ఒక్క డ్రైవరుతో ఏడాదికి లక్ష మైళ్ల ప్రాంతంలో తిరుగుతుంది. 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల లోపల 11 గంటలే నడపాలన్న నియమం ఉంది కాబట్టి అంతకు మించి మరీ పెరగదు, ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపితే తప్ప. మూడు ట్రక్కులు, ముగ్గురు డ్రైవర్లు, 9 లక్షల మైళ్లు అని రాసి ఉంటే ఆ లెక్కలో ఏదో ఒకటి తప్పు. ఇంకోవైపు, ఒక్క ట్రక్కే ఉందని చెప్పిన కంపెనీకి రెండేళ్లలో 60 తనిఖీలు నమోదై ఉంటే, ఆ నంబరు కింద లెక్కలో లేని బండ్లు తిరుగుతున్నాయని అర్థం.

బీమా చరిత్రలో దొరికే నిజం

స్నాప్‌షాట్ నుంచి లైసెన్సింగ్, ఇన్సూరెన్స్ పేజీకి లింకు ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లని పేజీ ఇది. అన్నిటికంటే ఎక్కువ విషయం ఉన్నదీ దీనిలోనే.

మామూలు సరుకు మోసే పెద్ద ట్రక్కు కంపెనీకి ఇతరులకు జరిగే నష్టానికి కనీసం 7,50,000 డాలర్ల బీమా ఉండాలి. కొన్ని ప్రమాదకర పదార్థాలకు ఇది 50 లక్షల డాలర్ల దాకా వెళుతుంది. పేజీలో ‘ఉండాల్సింది’ ఒక గడిలో, ‘దాఖలైంది’ పక్క గడిలో కనిపిస్తాయి. ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయి ఉంది. ఈ 7,50,000 డాలర్లు మీ సరుకు కోసం కాదు. ట్రక్కు ఇంకొకరిని గుద్దితే వారికి ఇవ్వడానికి. సరుకు బీమా ఫెడరల్ నియమం ప్రకారం మామూలు క్యారియర్లకు 2011 మార్చి నుంచి తప్పనిసరి కాదు. ఇంటి సామాను మోసేవాళ్లకు మాత్రం మిగిలింది. అది కూడా ఒక వాహనానికి 5,000 డాలర్లు, ఒక్క ఘటనలో మొత్తం 10,000 డాలర్లు. మూడు కుటుంబాల సామాను ఉన్న ట్రక్కు కాలిపోతే ఆ మొత్తం ఏ మూలకు సరిపోతుంది? కారు పంపేటప్పుడు కార్గో పాలసీ కాగితాన్ని ట్రక్కువాళ్ల చేతి నుంచి కాకుండా వాళ్ల బీమా ఏజెంటు నుంచి నేరుగా ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి. పాలసీ ‘షెడ్యూల్డ్’ రకం అయితే జాబితాలో ఉన్న బండ్లకే వర్తిస్తుంది. మీ దగ్గరికి వచ్చే బండి వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) ఆ జాబితాలో ఉండాలి. బీమా పాలసీకి ఎంసీఎస్-90 అన్న జోడింపు ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. ప్రమాదంలో గాయపడిన మూడో వ్యక్తికే దానితో రక్షణ, సరుకుకు కాదు.

తర్వాత ‘ఇన్సూరెన్స్ హిస్టరీ’, ‘అథారిటీ హిస్టరీ’ అన్న రెండు మీటలు నొక్కాలి. ఏడాది చివర బీమా కంపెనీ మారడం మామూలే, ఎక్కడ చవకైతే అక్కడికి వెళతారు. పాలసీ మధ్యలో రద్దవడం మామూలు కాదు. ప్రీమియం కట్టకపోతేనో, క్లెయిములు చూసి బీమా కంపెనీ భయపడితేనో అలా జరుగుతుంది. ఒక పాలసీ మార్చిలో రద్దై ఇంకోటి మేలో మొదలైతే మధ్య రెండు నెలల్లో ఏం జరిగిందో అథారిటీ చరిత్ర చెబుతుంది. అక్కడ ‘ఇన్‌వాలంటరీ రివోకేషన్’ అని, ఆ కింద ‘రీఇన్‌స్టేటెడ్’ అని వరస కనిపిస్తుంది. అంటే బలవంతంగా రద్దు చేశారు, బీమా తెచ్చాక తిరిగి ఇచ్చారు. పదేళ్లలో ఒకసారి ఉంటే పొరపాటు అనుకోవచ్చు. రెండేళ్లలో మూడుసార్లు ఉంటే ఆ కంపెనీ చేతిలో డబ్బు ఆడటం లేదు. డబ్బు ఆడని కంపెనీ ముందు ఆపేది టైర్లూ బ్రేకుల ఖర్చునే.

బీమా రద్దు చేయాలంటే బీమా కంపెనీ 30 రోజుల ముందు ఏజెన్సీకి నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసు పేజీలో రాబోయే తేదీతో కనిపిస్తుంది. అందుకే ఒక్కసారి చూస్తే చాలదు. బుక్ చేసే రోజు ఒకసారి, సామాను ఎక్కించే ముందు రోజు ఇంకోసారి చూడాలి. మొదటి అథారిటీ ఎప్పుడు ఇచ్చారన్న తేదీ కూడా ఇక్కడే ఉంటుంది. ‘20 ఏళ్ల అనుభవం’ అని చెప్పుకునే కంపెనీ అథారిటీకి నాలుగు నెలలే నిండి ఉంటే ఆ 20 ఏళ్లు ఏ నంబరు మీద పనిచేశారో అడగాలి. కొత్త కంపెనీలన్నీ చెడ్డవని కాదు. కొత్తవాళ్లు 18 నెలలు పరిశీలనలో ఉంటారు, మొదటి ఏడాదిలోపే సరుకు క్యారియర్‌కు సేఫ్టీ ఆడిట్ జరగాలి. ఆడిట్ ఇంకా జరగని కంపెనీ పేజీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ పేజీని మంచి పేజీగా లెక్కపెట్టడం తప్పు.

తనిఖీల శాతాలు ఎలా చదవాలి

స్నాప్‌షాట్ కింది భాగంలో గడిచిన 24 నెలల తనిఖీలు ఉంటాయి. ఎన్ని జరిగాయి, ఎన్నిసార్లు బండినో డ్రైవరునో అక్కడికక్కడే ఆపేశారు, దాని శాతం, పక్కనే జాతీయ సగటు. ఆపేయడాన్ని ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ అంటారు. అంటే సరిచేసేదాకా బండి కదలకూడదు. జాతీయ సగటు వాహనాలకు 20 శాతం పైన, డ్రైవర్లకు 6 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు 20 శాతం అంటే భయం వేస్తుంది. కానీ పోలీసులు బండ్లను ఊరికే ఆపరు. కంపెనీ పాత రికార్డు చూసి, కంటికి కనబడే లోపం చూసి ఆపుతారు, అందువల్ల సగటు ఎక్కువగా ఉంటుంది.

ఒక బండిని ఆపేయడానికి ఏం కావాలో తెలిస్తే ఈ అంకెకు ప్రాణం వస్తుంది. ట్రాక్టరు, ట్రెయిలరు కలిపి ఐదు ఇరుసుల బండికి 10 బ్రేకులు. వాటిలో 20 శాతం, అంటే రెండు పనిచేయకపోతే ఆపేస్తారు. తరచూ దొరికే లోపం ఇదే. ఎయిర్ బ్రేకు పుష్‌రాడ్ (బ్రేకును తోసే కడ్డీ) ఉండాల్సినదానికంటే ఎక్కువ దూరం కదులుతుంటే ఆ చక్రానికి బ్రేకు సరిగా పట్టదు, డ్రైవరుకు మాత్రం పెడల్ దగ్గర తేడా తెలియదు. ముందు టైర్ల గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు, అంటే 3.2 మిల్లీమీటర్లు, వెనక టైర్లకు అందులో సగం ఉండాలన్నది నియమం. డ్రైవరును ఆపేశారంటే ఎక్కువగా గంటలు దాటి నడపడం, లాగ్‌లో (నడిపిన గంటల చిట్టాలో) తప్పుడు లెక్క, సరైన లైసెన్సు లేకపోవడం.

శాతం చూసే ముందు సంఖ్య చూడాలి. రెండు తనిఖీలు జరిగి ఒకసారి ఆపితే 50 శాతం. ఆ 50కి అర్థం లేదు. 40 తనిఖీల్లో 14 సార్లు ఆపితే 35 శాతం, దానికి గట్టి అర్థం ఉంది. ఏజెన్సీ స్వయంగా కంపెనీకి రేటింగ్ ఇచ్చేటప్పుడు వాహనాల అంశంలో 34 శాతాన్ని గీతగా పెట్టుకుంది. అది దాటితే ఆ అంశంలో ‘కండిషనల్’ అన్న మదింపుతో మొదలుపెడతారు. సొంతంగా చూసేవాళ్లకూ అదే మంచి కొలత. తనిఖీలు 10 లోపు ఉంటే శాతం వదిలేసి, ఒక్కో తనిఖీ వివరాలు చదవడం మేలు. సేఫ్టీ మెజర్‌మెంట్ సిస్టమ్ అన్న ఇంకో పేజీలో ఏ తేదీన, ఏ రాష్ట్రంలో, ఏ లోపం దొరికిందో వరసగా ఉంటుంది. ఒక లైటు వెలగకపోవడం, బ్రేకు గొట్టం చిరిగి ఉండటం రెండూ ఉల్లంఘనలే, ఒకే బరువు కాదు. ఆ పద్ధతిలోనే ప్రతి లోపానికీ 1 నుంచి 10 దాకా తీవ్రత ఉంది. ఆరు నెలల్లోపు దొరికినదానికి మూడు రెట్లు, ఏడాది లోపుదానికి రెండు రెట్లు లెక్క. ఒకే బ్రేకు లోపం మూడు వేర్వేరు నెలల్లో, మూడు బండ్లలో కనిపిస్తే, తప్పు డ్రైవరుది కాదు, షెడ్డుది.

2010 చివర్లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఏడు విభాగాలకు గాను ఐదింటిలో కంపెనీల శాతాంశం, అంటే సాటి కంపెనీలతో పోల్చి వేసిన మార్కు, అందరికీ కనిపించేది. 2015 డిసెంబరులో వచ్చిన ఫాస్ట్ చట్టంతో సరుకు కంపెనీల శాతాంశాలను, హెచ్చరిక గుర్తులను ప్రజలకు కనబడకుండా చేశారు. ప్రయాణికుల బస్సులవి ఇప్పటికీ చూడొచ్చు. సరుకు కంపెనీల విషయంలో మార్కు దాచారు గానీ జవాబు పత్రం దాచలేదు. తనిఖీలు, ఉల్లంఘనలు అలాగే ఉన్నాయి. “మా సీఎస్‌ఏ స్కోరు (అంటే ఆ దాచిన మార్కు) బాగుంది” అని ఫోనులో చెబితే అది మీరు సరిచూసుకోగలిగే మాట కాదు. జాబితా మాత్రం సరిచూసుకోవచ్చు.

ప్రమాదాల గడిలో మరణాలు, గాయాలు, బండిని లాక్కెళ్లినవి అని మూడు వరసలు. తప్పు ఎవరిదైనా ఇందులో పడుతుంది. ఆగి ఉన్న ట్రక్కును వెనక నుంచి కారు గుద్దినా లెక్కలోకి వస్తుంది. కాబట్టి సంఖ్యను మైళ్లతో భాగించాలి. రేటింగ్ నియమాల్లో పది లక్షల మైళ్లకు 1.5 ప్రమాదాలు అన్న గీత ఉంది. 24 నెలల్లో 6 ప్రమాదాలు అంటే ఏడాదికి 3. కంపెనీ ఏడాదికి 24 లక్షల మైళ్లు తిరిగితే 1.25, గీతకు లోపలే. 12 లక్షల మైళ్లే తిరిగితే 2.5, చాలా ఎక్కువ. రెండు కంపెనీలకూ పేజీలో కనిపించేది అదే 6.

ఇక రేటింగ్. సాటిస్‌ఫాక్టరీ, కండిషనల్, అన్‌సాటిస్‌ఫాక్టరీ అని మూడు. అధికారులు వచ్చి పుస్తకాలు చూశాకే ఇస్తారు కాబట్టి అత్యధిక కంపెనీలకు అసలు రేటింగే ఉండదు. లేకపోవడం లోపం కాదు. ఉన్నప్పుడు పక్కనున్న తేదీ చూడాలి. 2009లో ఇచ్చిన సాటిస్‌ఫాక్టరీ అప్పటి డ్రైవర్లకు, అప్పటి ట్రక్కులకు ఇచ్చింది, ఇప్పుడు యజమాని కూడా మారి ఉండొచ్చు. కండిషనల్ ఉంటే కంపెనీ నడవవచ్చు గానీ లోపాలు దొరికాయని అర్థం. అన్‌సాటిస్‌ఫాక్టరీ ప్రతిపాదన వస్తే సరుకు కంపెనీలకు సరిచేసుకోవడానికి 60 రోజులు, బస్సులకు, ప్రమాదకర పదార్థాలు మోసేవాళ్లకు 45 రోజులు. ఆ తర్వాత నడపకూడదు.

పేరు మార్చుకుని వచ్చేవాళ్లు

డాలస్ నుంచి ప్లేనో, ఆలెన్, మెకిన్నీ మీదుగా ఉత్తరానికి పోయే 75వ నంబరు హైవే మన కుటుంబాలు ఎన్నో రోజూ తిరిగే దారి. అదే దారిలో షెర్మన్ దగ్గర 2008 ఆగస్టు 8న హ్యూస్టన్ నుంచి వస్తున్న యాత్రికుల బస్సు వంతెన మీంచి పడి 17 మంది చనిపోయారు. ముందు చక్రానికి వాడకూడని రీట్రెడ్ టైరు పగిలింది. బస్సు యజమాని పాత కంపెనీని నడపకూడదని అధికారులు అప్పటికే ఆపేశారు. యజమాని కొత్త పేరుతో దరఖాస్తు పెట్టుకుని, అథారిటీ రాకముందే బస్సు నడిపారు. ఊసరవెల్లి కంపెనీలు అన్న మాట ప్రభుత్వ కాగితాల్లో గట్టిగా వినబడటానికి ఈ ప్రమాదం ఒక కారణం. తర్వాత ప్రయాణికుల, ఇంటి సామాను కంపెనీల దరఖాస్తులను విడిగా వడపోయడం మొదలుపెట్టారు. సరుకు ట్రక్కుల సంగతిపై అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2012లో నివేదిక ఇచ్చింది. 2010లో కొత్తగా దరఖాస్తు చేసినవారిలో 1,136 మందికి ఊసరవెల్లి లక్షణాలున్నాయని, అలాంటి దరఖాస్తుదారుల్లో 18 శాతం తీవ్ర ప్రమాదాల్లో ఉంటే మిగతా కొత్తవారిలో అది 6 శాతమేనని అందులో తేల్చారు.

వీళ్లను పట్టుకోవడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. కొత్త కంపెనీ చిరునామాను, ఫోను నంబరును సెర్చ్‌లో వేసి చూడండి. అదే చిరునామాలో ఇంకో మూవర్ పేరు, దాని కింద కోపంతో రాసిన ఫిర్యాదులు, ఆ ఫిర్యాదులు ఆగిన నెలకు కాస్త అటూఇటూగా ఈ కంపెనీ అథారిటీ మొదలైన తేదీ కనిపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు. చిరునామా మెయిల్‌బాక్స్ దుకాణానిదైతే ట్రక్కులు ఎక్కడ ఆగుతాయో అడగాలి.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటి ఉంది. మంచి కంపెనీ నంబరును ఎవరో చెప్పుకుని పని తీసుకోవడం. పేజీలో అన్నీ బాగుంటాయి, మాట్లాడుతున్నది మాత్రం ఆ కంపెనీ కాదు. మీకు వచ్చిన నంబరుకు కాకుండా స్నాప్‌షాట్‌లో ఉన్న ఫోనుకు మీరే కాల్ చేసి, మీ బుకింగ్ వాళ్ల దగ్గర ఉందో లేదో అడగాలి. లాగిన్ దొంగిలించి ఫోను నంబరు కూడా మార్చేసే ముఠాలున్నాయి కాబట్టి బీమా ఏజెంటు కాగితం మీదున్న ఫోనుతో కూడా పోల్చాలి. పెద్ద అడ్వాన్సును జెల్ (Zelle) అనే డబ్బు పంపే సేవలో వ్యక్తి పేరుకు పంపమంటే ఆగిపోవాలి. ఖాతా పేరు, రిజిస్టరైన పేరు ఒకటి కానప్పుడు చూసిన రికార్డు ఎవరిదో తెలియదు.

ట్రక్కు వచ్చిన రోజు

డోరుకు రెండు వైపులా కంపెనీ రిజిస్టరైన పేరు, డాట్ నంబరు ఉండాలి. పగటి వెలుగులో 50 అడుగుల దూరం నుంచి చదవగలగాలన్నది నియమం. ఒప్పందంలో ఉన్న నంబరు, డోరు మీది నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ (సామాను తీసుకున్నట్టు ఇచ్చే రవాణా పత్రం) మీది నంబరు, మూడూ ఒకటేనా చూసి ఫొటో తీయాలి. నంబరు లేని అద్దె ట్రక్కు వస్తే ఒక్క పెట్టె కూడా ఎక్కించనివ్వకండి. సామాను ఎక్కాక బేరం మీ చేతిలో ఉండదు. గళ్లు ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం చేయకూడదు.

అంచనా ‘నాన్ బైండింగ్’ (చివరి బిల్లు మారే వీలున్నది) అయితే దింపేటప్పుడు అంచనాలో 110 శాతం కడితే సామాను ఇచ్చేయాలి. 4,000 డాలర్ల అంచనాకు 4,400. మిగతాది ఉంటే 30 రోజుల తర్వాతే అడగాలి. మీరు మధ్యలో కోరిన అదనపు సేవల లెక్క వేరు. బరువు మీద బిల్లు అయితే తూకం దగ్గర ఉండే హక్కు మీది, దింపకముందు మళ్లీ తూయమని అడగొచ్చు, దానికి డబ్బు తీసుకోకూడదు. పరిహారం రెండు రకాలు. ఉచితంగా వచ్చేదానిలో పౌండుకు 60 సెంట్లు, అంటే 50 పౌండ్ల టీవీ పగిలితే 30 డాలర్లు. పూర్తి విలువ రక్షణ తీసుకున్నా, పౌండుకు 100 డాలర్లు దాటే వస్తువులను విడిగా రాసివ్వకపోతే కంపెనీ బాధ్యత తగ్గిపోతుంది. మన ఇళ్లలోని వెండి పూజసామాను, కంచిపట్టు చీరలు ఆ లెక్కలోకే వస్తాయి. అవీ, బంగారం, పాస్‌పోర్టులు, వీసా కాగితాలు ట్రక్కు ఎక్కకుండా ఉండటమే మంచిది.

పోయినవాటికీ పగిలినవాటికీ దింపిన రోజు నుంచి 9 నెలల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి. కంపెనీ 30 రోజుల్లో అందిందని చెప్పాలి, 120 రోజుల్లో తేల్చాలి. డబ్బు కోసం సామాను పట్టి ఉంచితే జాతీయ వినియోగదారుల ఫిర్యాదు డేటాబేస్‌లో ఆన్‌లైన్‌లో గానీ 1-888-368-7238 నంబరుకు ఫోను చేసి గానీ నమోదు చేయాలి. ఫిర్యాదులో కంపెనీ పేరు ఒక్కటే రాస్తే అది ఎవరి ఖాతాలోనూ పడకపోవచ్చు. డోరు మీది డాట్ నంబరు, ట్రక్కు లైసెన్సు ప్లేటు, బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు, ఎక్కించిన తేదీ రాయాలి. బ్రోకర్ ఉంటే అతని నంబరుతో రెండో ఫిర్యాదు విడిగా పెట్టాలి. ఇంటి సామాను కంపెనీల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల లెక్కను ఏజెన్సీ మూవర్ల సెర్చ్ పేజీలో ఏడాదివారీగా చూపిస్తుంది. తర్వాత ఇల్లు మారబోయే కుటుంబం అదే నంబరు కొట్టినప్పుడు మీరు రాసింది అక్కడ ఉంటుంది.